ఇనుప రేకు కింద అక్షరం

"రైమో! మా అన్న ఏడిరా?"

వీధి చివర్నుంచి వచ్చింది ఆ కేక. వానా మంచూ కలిసి పడుతున్న జల్లులో తడుచుకుంటూ, చెక్క ఇళ్ళ మధ్యగా వచ్చి తౌనో మేస్త్రీ కొట్టం తలుపు తట్టింది. లోపల కాఫీ తాగుతున్న రైమో చేతిలో కప్పు అలాగే ఆగిపోయింది.

"ఎవరండీ అది?" అన్నాడు.

"హిల్యా," అన్నాడు తౌనో. "ఆవిడ అలా అరవగా నేను ఒక్కసారే విన్నాను. నలభై ఆరేళ్ళయింది."

ఇది ఫిన్లాండు దేశపు తూర్పు కొసన, సరస్సు ఒడ్డునున్న ఓ చిన్న ఊళ్ళో జరిగిన సంగతి. నవంబరు మొదట్లో ఒక శనివారం. ఆ రోజు వాళ్ళకి పోయినవాళ్ళని తలుచుకునే పండగ. మనకి మహాలయ పక్షం ఉన్నట్టే అనుకోండి. సమాధుల మీద దీపాలు పెడతారు, ఇంటికొచ్చి అందరూ కలిసి భోంచేస్తారు. పేరుకి పండగే గానీ ఊరంతా బూడిద రంగు. ఆకాశం కప్పు మీదికి దిగి కూర్చున్నట్టుంటుంది. మధ్యాహ్నం మూడు దాటిందంటే దీపం వెలిగించుకోవాల్సిందే.

రైమోది ఆ ఊరు కాదు. కలప మిల్లులో గుమాస్తాగా ఆరేళ్ళ కిందట పట్నం నుంచి వచ్చాడు. పెళ్ళి లేదు, పేకాట లేదు, ఒకటే పిచ్చి. వాళ్ళ దేశపు సైన్యం వాడి పక్కన పడేసిన పాత రైఫిళ్ళు పోగెయ్యడం. మన దగ్గర స్టాంపులు, రాగి డబ్బులు దాచేవాళ్ళుంటారే, అలాగన్నమాట. లైసెన్సులు పెట్టించుకుని మరీ ఇరవై రెండు సంపాదించాడు. గొట్టం మీది ముద్ర చూసి ఏ ఏడాదిదో, ఏ కార్ఖానాదో గడగడా చెప్పేసేవాడు. ముందు చెక్కనీ వెనక చెక్కనీ వేళ్ళు పెనవేసినట్టు అతికిన అతుకు కనపడితే చాలు, పసిపిల్లాణ్ణి చూసినట్టు చూసేవాడు.

ఆ పిచ్చే అతన్ని తౌనో దగ్గరికి చేర్చింది. తౌనో యుద్ధకాలంలో సైన్యానికి తుపాకులు బాగుచేసిన మనిషి. డెబ్భై దాటాయి, ఇప్పటికీ చెయ్యి వణకదు. మాటలు మాత్రం పొదుపు. మూడేళ్ళుగా రైమో ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నాడు. మేస్త్రీ నోటివెంట "బాగుంది" అన్న మాట ఒక్కసారి వినాలని అతని ఆశ. మూడేళ్ళలో వినలేదు.

అందుకే రెండు వారాల కిందట హిల్యా తన ఇంట్లోని రైఫిల్ తెచ్చి ఇచ్చినప్పుడు పొంగిపోయాడు.

"బోల్టు దగ్గర తుప్పు పడుతోంది నాయనా. చేతికి గరగరలాడుతోంది. పండగలోపు బాగుచేసి ఇచ్చెయ్యి," అంది ఆవిడ. ఆవిడకి చూపు బాగా మందగించింది, అన్నీ వేళ్ళతోనే చూస్తుంది.

ఆవిడ చెప్పింది అంతే. అతనూ ఇంకేమీ అడగలేదు.

తుప్పు తీసి ఊరుకుంటే గొడవే లేకపోను. అతని కన్ను చెక్క మీద పడింది. మంచి భూర్జ చెక్క. భుజానికి ఆనే మడమ పక్కన ఎవడో కత్తితో గీకిన నాలుగక్షరాలు, సందుల నిండా ఏళ్ళ తరబడి పట్టిన మురికి. 'ఎయినో' అని ఉంది, ఆ పేరుకి వాళ్ళ లిపిలో నాలుగక్షరాలే. పనీపాటా లేని ఏ సిపాయో గీకి ఉంటాడులే అనుకున్నాడు. చక్కటి మొహం మీద గాటులా తోచింది. గరుకు కాగితం పుచ్చుకుని రెండు రోజులు రుద్దాడు. అవిసె నూనె పట్టించి, పైన పల్చగా, దేవదారు చెక్క కాల్చి తీసే తారు రాసి, గుడ్డతో తుడిచాడు. అద్దంలా తేలింది. ఆ ఉదయమే హిల్యా కూతురు ఐలా చేతికి ఇచ్చేసి, ఈసారి మేస్త్రీ మెచ్చుకోక చస్తాడా అనుకుంటూ వచ్చి కాఫీకి కూర్చున్నాడు.

తలుపు తెరుచుకుంది. హిల్యా రైఫిల్‌ని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకుని వచ్చింది. నెత్తిన గుడ్డ కూడా లేదు. వెనక ఐలా, తల్లి శాలువా పట్టుకుని రొప్పుతూ.

"ఎక్కడ పెట్టావురా మా అన్నని?"

"అత్తా, నేను తుప్పు..."

"తుప్పు తియ్యమన్నాను. మనిషిని తియ్యమన్నానా?"

రైమోకి ఇంకా అర్థం కాలేదు. ఐలాయే చెప్పింది, నేల చూపులు చూస్తూ.

"అది మా మామయ్య పేరండీ. యుద్ధంలో ఆయన ఒళ్ళు కూడా ఇంటికి రాలేదు. మంచులో ఎక్కడో ఉండిపోయాడు. ఇరవై ఏళ్ళ తర్వాత సైన్యం పాత సామాన్లు అమ్మేస్తుంటే మేస్త్రీగారే ఆ గుట్టలో వెతికి ఈ తుపాకీ తెచ్చిచ్చారు. ఏటా ఈ రోజున ఆయన కుర్చీలో దీన్ని ఆనించి పెడతాం. అమ్మ ఆ పేరు తడుముతుంది. అప్పుడు అందరం కూర్చుంటాం."

రైమో కప్పు బల్ల మీద పెట్టేశాడు.

హిల్యా రైఫిల్‌ని బల్ల మీద పెట్టింది. "మూడింటికి కూర దించుతాను," అంది. గొంతు ఇప్పుడు చిన్నదైపోయింది, కేక కంటే అదే భయంగా ఉంది. "మా అన్న వచ్చేదాకా మా ఇంట్లో ఎవరూ కూర్చోరు. కూర బొగ్గయిపోనీ."

ఐలా శాలువా కప్పి తీసుకుపోయింది.

స్టవ్వులో కట్టె చిటచిటమంది. ఆ తర్వాత రైమో గబగబా మాట్లాడటం మొదలెట్టాడు, మునిగేవాడు నీళ్ళు కొట్టినట్టు.

"మేస్త్రీగారూ, మరేం ఫర్వాలేదు. పని మొదలెట్టేముందు ప్రతిదానికీ ఫొటో తీస్తాను నేను. ఆ నాలుగక్షరాలూ ఉన్నాయి నా దగ్గర. కొలత తప్పకుండా మళ్ళీ చెక్కేస్తాను. కాఫీ మడ్డి, తారు, స్టవ్వు మసి కలిపి రుద్దితే నలభై ఏళ్ళ మురికి నలభై నిమిషాల్లో వస్తుంది. ఆవిడకి చూపు ఎలాగూ ఆనదు. వేలికేం తెలుస్తుంది చెప్పండి? మీ సన్న కత్తి ఒక్కటి ఇస్తే..."

తౌనో కప్పు కడిగి బోర్లించాడు. కోటు తొడుక్కున్నాడు. సన్న కత్తి జేబులో వేసుకున్నాడు, మరలు విప్పే పనిముట్టు కూడా.

"పద, మీ ఇంటికి," అన్నాడు.

రైమో హిల్యా రైఫిల్ భుజాన వేసుకుని వెంట నడిచాడు.

రైమో గదిలో గోడ పొడుగునా ఇరవై రెండు రైఫిళ్ళు వరసగా ఉన్నాయి. వచ్చినవాళ్ళందరికీ ఒకటే మాట చెప్పేవాడతను: "చూడండి ఎంత నున్నగా ఉన్నాయో! యుద్ధం చేసొచ్చినా ఒక్కదాని మీదా గీత లేదు. అదృష్టం ఉండాలండీ ఇలాంటివి దొరకాలంటే." మేస్త్రీ ముందూ చాలాసార్లు అన్నాడు. ఆయన ఎప్పుడూ జవాబు చెప్పలేదు.

"ఆ మూడోది దించు," అన్నాడు తౌనో. "మడమ రేకు విప్పు."

తుపాకీ చెక్క చివర, భుజానికి ఆనేచోట ఒక ఇనుప రేకు ఉంటుంది, రెండు మరలతో. రైమో ఆ రేకు పైన ఎన్నోసార్లు తుడిచాడు గానీ, ఎన్నడూ విప్పలేదు. విప్పితే పాత మరల తల అరిగి ధర పడిపోతుందని భయం. ఇప్పుడు విప్పాడు.

రేకు కింద నూనె తగలని ఉత్త చెక్క. దాని మీద ఒక నిలువు గీత, నెత్తిన ఒక అడ్డగీత. కత్తిమొనతో చెక్కిన ఒకే ఒక్క అక్షరం.

"ఆ పక్కది."

అందులోనూ అదే. ఇంకోటి. అదే. కిటికీ దగ్గరున్నది విప్పితే ఏమీ లేదు.

"అది నా బల్ల మీదికి రాలేదు," అన్నాడు తౌనో.

రైమోకి ఆ అక్షరం అప్పుడు తెలిసింది. మేస్త్రీ సుత్తి పిడి మీద, పనిముట్ల పెట్టె మీద రోజూ చూసేదే అది. వాళ్ళ లిపిలో తౌనో పేరుకి మొదటి అక్షరం.

"ఇదేంటి మేస్త్రీగారూ?"

"నేను."

ఆయన మంచం అంచున కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"పోయినవాడి తుపాకీ నా దగ్గరికి వచ్చేది. బాగుచేసి ఇంకొకడికి ఇవ్వాలి. కొత్త కుర్రాడి కంటికి పాత పేరు పడకూడదు, బెదురుతాడు అనేవాడు మా ఆఫీసరు. గీకి చెరిపేసేవాణ్ణి. నీ తుపాకులు ఎందుకు అంత నున్నగా ఉన్నాయనుకున్నావు?"

రైమో గోడవైపు చూడలేకపోయాడు.

"మరి ఎయినోది?"

"వచ్చింది. మా వీధివాడు. చెయ్యి రాలేదు. దాన్ని తరవాత పుచ్చుకున్న కుర్రాడు అడిగాడు, ఎయినో ఎవరండీ అని. మీ అన్నరా అన్నాను."

కిటికీ మీద మంచు నీరై కారుతోంది. రైమో విప్పిన చెక్క మీది అక్షరం మీద వేలు పెట్టి అడిగాడు.

"ఈ అక్షరం ఎందుకు చెక్కారు?"

"ఎవరైనా వచ్చి మావాడేడీ అంటే, ఎవణ్ణి అడగాలో తెలియాలి కదా."

"ఎవరైనా అడిగారా?"

"ఇనుము కింద దాచుకున్నవాణ్ణి ఎవరడుగుతారయ్యా?"

తౌనో లేచాడు. సన్న కత్తి తీసి బల్ల మీద, హిల్యా రైఫిల్ పక్కన పెట్టాడు. "మూడింటికి," అని బయటికి వెళ్ళిపోయాడు.

రైమో ఆ పాత ఫొటో బయటికి తీసి ముందు పెట్టుకున్నాడు. నాలుగక్షరాలు. మూడోదాని దగ్గర కత్తి జారినట్టుంది, గీత పక్కకి పోయింది. చలికి వేళ్ళు కొంకర్లు పోయి ఉంటాయి ఆ కుర్రాడికి. లేకపోతే ఎవరో పిలిచి ఉంటారు. ఇంతకు ముందు ఈ ఫొటో వందసార్లు చూశాడు, ఎంత చెక్క పాడయిందో లెక్కేసుకుంటూ. ఇప్పుడే ఆ చెయ్యి కనపడింది.

ఫొటోని బోర్లా తిప్పేశాడు. కత్తి తీసుకున్నాడు. మొదటి గాటు పెట్టాడు.

మూడు దాటాక రైమో, తౌనో ఇద్దరూ కలిసి హిల్యా ఇంటికి చేరారు. దారిలో సమాధుల తోటలో దీపాలు జల్లుకి రెపరెపలాడుతున్నాయి, కొన్ని అప్పటికే ఆరిపోయాయి.

ఇంట్లో బల్ల మీద అన్నీ సర్ది ఉన్నాయి. నల్ల రొట్టె, వెన్న, పొద్దున్నుంచీ పొయ్యిలో మగ్గిన మాంసం కూర. కూర అడుగంటిన వాసన అప్పుడే తెలుస్తోంది. అయినా ఎవరూ కూర్చోలేదు. ఐలా గోడకి ఆనుకుని నిలబడి ఉంది. హిల్యా కిటికీ పక్క కుర్చీ వెనక నిలబడి, దాని వీపు మీద రెండు చేతులూ వేసి ఉంది.

"తెచ్చావా?"

రైమో రైఫిల్ ఆవిడ చేతుల్లో పెట్టాడు. ఆవిడ చూపుడువేలు అలవాటు ప్రకారం మడమ పక్కకి పోయింది. గాట్లు తగలగానే మొహం ఒక్క క్షణం వెలిగింది. ఆ తరవాత వేలు ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ మెల్లిగా, ఒక్కొక్క గీతే తడుముకుంటూ పోయింది.

ఐదక్షరాలున్నాయి.

"రై... మో," అంది హిల్యా.

ఐలా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎయినో ఏడీ?"

"లేడు అత్తా," అన్నాడు రైమో. "నేనే గీకేశాను. ఎవరో ఏమిటో అడక్కుండా గీకేశాను. మళ్ళీ తేలేను. ఎవరు చెరిపేశారని రేపు ఎవరైనా అడిగితే... నా పేరు అక్కడ ఉంది."

ఆవిడ వేలు ఆ గాట్ల మీదే ఉంది. కొత్త గాట్లు, అంచులు ఇంకా పదునుగా ఉన్నాయి. వేలి చర్మం గీరుకుంటోంది.

"మూడో అక్షరం దగ్గర ఎప్పుడూ నా వేలు ఆగేది," అంది చివరికి. "కత్తి జారింది వాడికి అక్కడ. నువ్వు ఎంత నేర్పుగా చెక్కుకొచ్చినా నాకు తెలిసిపోయేదిరా."

గుమ్మం దగ్గర తౌనో టోపీ చేతిలో నలుపుతూ తల వంచుకున్నాడు.

హిల్యా రైఫిల్‌ని తీసుకెళ్ళి గోడకి ఆనించింది. తిరిగొచ్చి కిటికీ పక్క కుర్చీ చప్పుడయ్యేలా వెనక్కి లాగింది.

"కూర్చో."

"అది ఎయినోగారి..."

"నలభై ఆరేళ్ళుగా ఆ కుర్చీ ముందు వడ్డిస్తున్నాను. ఒక్క ముద్ద తగ్గలేదు." ఆవిడ కంచం తడిమి, గరిటెతో కూర వేసింది. "ఇవాళ తగ్గనీ."

రైమో కూర్చున్నాడు. ఆ కుర్చీ కాళ్ళు కొత్తవాటిలా కిర్రుమన్నాయి.

"నువ్వేంటి తౌనో, గుమ్మానికి దిష్టిబొమ్మలా?" అంది ఆవిడ అటు తిరక్కుండానే. "అడుగంటింది చాలు, చల్లారబెట్టకు కూడాను. ఐలా, రొట్టె కొయ్యవే."

తౌనో టోపీ కొక్కేనికి తగిలించి వచ్చి కూర్చున్నాడు. ఐలా కూర్చుంది. అందరికంటే ఆఖరున హిల్యా కూర్చుంది. రొట్టె చేతులు మారింది. రైమో వేళ్ళకి ఇంకా అవిసె నూనె వాసన వస్తోంది.

హిల్యా వెంటనే తినలేదు. చెయ్యి బల్ల మీద పెట్టి, చెవి ఒగ్గి వింది. కూతురి చెంచా. మేస్త్రీ చెంచా. కిటికీ పక్క చెంచా మాత్రం చప్పుడు చెయ్యడం లేదు.

ఆవిడ వేచి ఉంది.

కాసేపటికి అదీ వినిపించింది. అప్పుడు ఆవిడ తన చెంచా తీసుకుంది.