ఊ కొట్టని నక్క పంతులు

జర్మనీలో ఒక కొండ అడవి ఉండేది. ఏడాదిలో సగం మంచు కింద, ఏడాది పొడుగునా తోడేలు దొరల కాలి కింద. ఆ అడవిలో సరస్సు ఒడ్డున మేకల కొట్టం. కొట్టానికి పెద్ద గడ్డమవ్వ. గడ్డం నెరిసింది గాని నాలుక పదును తగ్గలేదు.

చలికాలం పొద్దుగూకగానే అవ్వ పిల్లమేకలను చుట్టూ కూర్చోబెట్టుకుని కథ చెప్పేది. వినేవాళ్లు ఊ కొట్టాలి. ఆ కొట్టంలో అది మర్యాద కోసం పుట్టిన ఆచారం కాదు, భయంలోంచి పుట్టింది. చీకట్లో ఊ వినబడితేనే పిల్ల ఇంకా పక్కన ఉన్నట్టు. ఊ ఆగిందంటే అవ్వ కథ ఆపేసి తలుపు దగ్గరికి పరుగెత్తేది.

ఒక రోజు నక్క పంతులు వచ్చాడు. చెవిలో ఈక కలం, చంకలో బెరడు కట్ట. అడవిలోని కథలన్నీ పోగేస్తున్నాడట. బాతుల దగ్గర విన్నాడు, ముళ్లపందుల దగ్గర విన్నాడు, ఇక మేకల వంతు. జానపదమే జాతికి ఊపిరని, కథ ఏ ఒక్కరిదీ కాదు అందరిదీ అని ఉపన్యాసం ఇచ్చాడు. మేకలు తలలూపాయి. నక్క వినయానికి తలూపినవాళ్లకు చరిత్రలో కొదవ లేదు, బాగుపడ్డవాళ్లకే కొదవ.

అవ్వ తన కథల్లోకెల్లా బరువైనది తీసింది. అది ఆమె కూతురి కథ. పెద్దదొర, అంటే ఇప్పటి చిన్నదొర తండ్రి, ప్రతి చలికాలం కొట్టం నుంచి ఒక మేకను కప్పంగా పట్టుకుపోయేవాడు. అవ్వ కూతురు, తెల్లచెవి అనే పడుచు మేక, ఎదురు తిరిగింది. ఈ ఏడు మా కొట్టం నుంచి ఎవరూ రారంది. దొర తరిమాడు. తల్లీ కూతురూ గడ్డకట్టిన సరస్సు మీదికి పరుగెత్తారు.

అక్కడ అవ్వ ఆగింది.

"ఊ కొట్టవేం పంతులూ?"

"రాసుకుంటున్నానుగా. నువ్వు చెప్పుకుంటూ పో."

"రాస్తుంటే నీ చెయ్యి ఇక్కడుందని తెలుస్తుంది. నువ్వున్నావో లేదో నాకెలా తెలుస్తుంది?"

పంతులు నవ్వి, ఇదొక మూఢాచారమని బెరడు అంచున రాసుకున్నాడు. ఊ మాత్రం కొట్టలేదు. అవ్వ నోరు మూసుకుంది. మిగతాది తానే పూరించుకుంటానని, అదేం బ్రహ్మవిద్య కాదని చెప్పి పంతులు కట్ట సర్దుకున్నాడు.

మరుసటి చలికాలానికి పుస్తకం వచ్చింది. వడ్రంగి పిట్టలు అచ్చు పొడిచాయి. చిన్నదొర పంతులికి శాలువా కప్పి, ప్రతి కొట్టంలోనూ పిల్లలు అదే చదవాలని హుకుం వేశాడు. ఎందుకు వెయ్యడు? అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, బాతుల ఏడుపూ మేకల ఏడుపూ కలిపి కుట్టి పంతులు దొరగారి పాదాలకే అంకితమిచ్చాడు.

చిట్టికొమ్ము ఆ పుస్తకం చదివి వినిపించింది. తెల్లచెవి కన్న బిడ్డ అది, అవ్వకు మిగిలిన ఒక్క మనవరాలు. పుస్తకంలో తెల్లచెవి లేదు. తల్లి మాట వినని ఒక మొండి మేకపిల్ల ఉంది. అది దారి తప్పి ఏడుస్తుంటే దయగల దొర వీపున ఎక్కించుకుని, అద్దంలా నల్లగా నిగనిగలాడే మంచు మీదుగా సరస్సు దాటించాడట.

అవ్వ ఆ పూట మేత ముట్టలేదు. చంపినవాడు దయామయుడయ్యాడు. చచ్చిపోయినది మొండిదయింది. దున్నేవాడిదే భూమి అంటారే, మరి ఏడ్చినదాని కథ ఎవరిది?

"నల్లమంచంటే కింద నీళ్లు కనబడేంత పలచన మంచు. దాని కిందే మీ అమ్మ ఉంది" అంది.

"నువ్వు చెప్పేది ఉత్త కథ అవ్వా. ఇది అచ్చయింది" అంది చిట్టికొమ్ము.

పైగా మర్నాడే పండగ. అవతలి ఒడ్డున చిన్నదొర విందు. పుస్తకంలో ఉన్నట్టే పిల్లమేకలన్నీ నల్లమంచు దాటి రావాలని పిలుపు. విందులో వడ్డించేది ఏమిటో ఎవరూ అడగలేదు. అందరికంటే ముందు తనే నడుస్తానని చిట్టికొమ్ము గంతులేసింది.

పొద్దున దొరా పంతులూ పిల్లలను తీసుకుపోవడానికి ఒడ్డు వెంట చుట్టూ తిరిగి వచ్చేసరికి, గడ్డమవ్వ ఒడ్డున అడ్డంగా నిలబడి ఉంది.

"పంతులూ, కథ అందరిదీ అన్నావు. అట్ట మీద నీ పేరొక్కటే ఉందేం?"

"పోగేసింది నేను కదా అవ్వా."

"కప్పం పోగేసే దొర కూడా అదే అంటాడు. సరే, నువ్వు విన్నది సగమే. మిగతా సగం ఇప్పుడైనా వింటావా? ఊ కొడితే చాలు."

పంతులు దొర మొహం చూశాడు. "పుస్తకం అచ్చయిపోయింది. ఇక చోటు లేదు."

అవ్వ కొమ్ములు నేలకానించి దొరకు దండం పెట్టింది. "దొరా, మావి మట్టి బుర్రలు. తమ నాయనగారు నడిచిన దారి తమరే ముందు నడిచి చూపించండి. పంతులు వెనకాలే చదువుతాడు. పిల్లలు చూసి నేర్చుకుంటారు."

పొగడ్త మేసినవాడికి దారి కనబడదు. తండ్రి ఘనతను తానూ పుస్తకంలోనే చదువుకున్న చిన్నదొర రొమ్ము విరుచుకుని బయల్దేరాడు. వెనక పంతులు గొంతు సవరించుకుని చదువుతూ నడిచాడు. అద్దం లాంటి మంచు అన్న మాట దగ్గరికి వచ్చాడో లేదో అద్దం పగిలింది. ఇద్దరూ నీళ్లలో పడ్డారు.

దొరలకు వెనక్కి తిరగడం నేర్పినవాడు లేడు. చిన్నదొర ముందుకే ఎగబడ్డాడు, ఎగబడ్డకొద్దీ మంచు విరిగింది. కాసేపు తోక కొస కనబడింది. తర్వాత అదీ లేదు.

పంతులు విరిగిన అంచు పట్టుకుని వేలాడుతున్నాడు. "అవ్వా, మిగతా కథ చెప్పు."

"ఊ కొడతావా?"

"ఊ."

"తల్లీ కూతురూ నల్లమంచులో పడ్డారు."

"ఊ."

"కూతురి పేరు తెల్లచెవి."

"ఊ. తెల్లచెవి."

"అది అవతలి ఒడ్డు అందుకుందామని ముందుకు ఈదింది. ముందున్న మంచు ఇంకా పలచన."

"ఊ, ఊ."

"తల్లి వచ్చిన వైపుకే తిరిగింది. అప్పటిదాకా తనను మోసిన మంచు అదొక్కటే. కాళ్లు పరిచి, బోర్లా పాకి, దుంగలా దొర్లి బతికింది. బిడ్డ కోసం వెనక్కి చూసేసరికి నీళ్లు మూసుకున్నాయి."

ఈసారి ఒడ్డున ఉన్న పిల్లమేకలన్నీ ఊ కొట్టాయి. అందరికంటే గట్టిగా చిట్టికొమ్ము.

పంతులు వెనక్కి తిరిగి, పాకి, దొర్లి ఒడ్డున పడ్డాడు. కలం లేదు, శాలువా లేదు, పుస్తకం దొర వెంటే పోయింది. పళ్లు టకటకలాడుతుండగా లేచి అడవిలోకి జారుకోబోతే చిట్టికొమ్ము అడ్డం తిరిగింది.

"ఇది ఎవరి కథ పంతులూ?"

పంతులు తల వంచుకున్నాడు. "తెల్లచెవి కథ" అన్నాడు.

"గట్టిగా చెప్పు. మా అవ్వకు వినబడాలి."

నీతి: ఊ కొట్టకుండా ఎత్తుకుపోయిన కథ, ఎత్తుకుపోయినవాణ్ణే ముంచుతుంది.