మలుపు దగ్గర ఎర్ర తువ్వాలు

పెదగరువు పట్టణం ఏడో వార్డులో బుచ్చినాయుడు అనే ఆయన ఉండేవాడు. ఎదుటివాళ్ల ప్రశ్న సగంలో ఉండగానే జవాబు చెప్పేయడం ఆయన అలవాటు. ఎవరైనా "నాయుడుగారూ, మా వీధి కుళాయి..." అంటే చాలు, "వేయించేస్తాను" అనేవాడు. వాళ్లు అడగబోయింది కారుతున్న కుళాయి బాగుచేయించమని అయినా సరే. మనిషి మాత్రం చెడ్డవాడు కాదు. ఆ ఏడు కౌన్సిలరుగా పోటీకి దిగాడు.

ఆ వార్డులో బడి ముందు రోడ్డు ఒక్కసారిగా వంపు తిరుగుతుంది. పూర్వం అక్కడ ఎద్దుబళ్లు నడిచేవి. ఎద్దుకు ఒక సుగుణం ఉంది, మనిషి అడ్డం వస్తే తనంతట తానే ఆగుతుంది. తర్వాత బస్సులూ ఆటోలూ వచ్చాయి. వాటికి ఆ సుగుణం రాలేదు. ప్రచారం మొదలైన రెండు వారాల్లోనే ఆ మలుపులో ఇద్దరికి కాళ్లు విరిగాయి. బుచ్చినాయుడు ఇద్దరినీ ఆస్పత్రిలో పలకరించి, బత్తాయిలు ఇచ్చి, స్పీడు బ్రేకర్లు వేయిస్తానని మాట కూడా ఇచ్చి వచ్చాడు.

మలుపుకు బడివైపున కాశిం పంక్చరు కొట్టు ఉండేది. బుచ్చినాయుడు రోజూ ఉదయం ప్రచారానికి వచ్చే వేళకు కాశిం కొట్టు ముందు నిలబడి ఎర్ర తువ్వాలు ఊపుతూ కనిపించేవాడు. "చూశారా, అభిమానమంటే అదీ!" అని వెంట ఉన్నవాళ్లతో అంటూ, బుచ్చినాయుడు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టేవాడు. తన కండువా నీలం కదా, కాశిం ఎర్రదెందుకు ఊపుతున్నాడని ఒకసారి అనుమానం వచ్చింది. నీలంది దొరక్క కాబోలు అని దానికీ తానే జవాబు చెప్పుకున్నాడు.

ఒక శనివారం పొదుపు సంఘం ఆడవాళ్లు బడికి ఎదురుగా గుడ్ల కొట్టు దగ్గర చేరి, పోటీలో ఉన్న ఇద్దరినీ పిలిచారు. రెండో ఆయన సుగుణాకర్, వయసులో చిన్నవాడు. బడిలో మధ్యాహ్న భోజనం వండే నూకాలమ్మ లేచి, "బాబూ, ఈ రోడ్డు దాటాలంటే..." అంది.

"సిగ్నల్ దీపాలు పెట్టిస్తాను" అన్నాడు సుగుణాకర్.

"రెండు స్పీడు బ్రేకర్లు, నాలుగు కెమెరాలు, ఒక పోలీసు!" అన్నాడు బుచ్చినాయుడు.

"నా మాట ఇంకా అవలేదు బాబూ. ఈ రోడ్డు దాటాలంటే నాకు పావుగంట పడుతోంది. ఎందుకో మీకు తెలుసా అని అడగబోయాను."

"ఎందుకేమిటి? బళ్ల వేగం!"

నూకాలమ్మ కొట్లోంచి గుడ్ల అట్ట తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. "పిల్లల గుడ్లు ఇవి. ముప్పై. బడి దాకా దాటించండి. ఒక్కటీ పగలకపోతే మా సంఘం నలభై ఓట్లూ మీవే."

ఆడవాళ్లు పకపకా నవ్వారు. సుగుణాకర్ తనకు వేరే మీటింగు ఉందంటూ జారుకున్నాడు. బుచ్చినాయుడు మీసం సవరించుకోవడానికి చెయ్యి ఖాళీ లేక, ఊరికే గర్వంగా చూసి బయల్దేరాడు.

రోడ్డు అంచున ఆగి కుడివైపు చూశాడు. బస్సు కనబడలేదు, ఆటో కనబడలేదు. తన చెవి కనబడింది. వెదురు గడలకు కట్టిన పన్నెండడుగుల ఫ్లెక్సీ మీద తానే నవ్వుతున్నాడు. కింద 'మీ క్షేమమే నా ధ్యేయం' అని రాసి ఉంది. వెనకటికి ప్రచారమంటే గోడల మీద రాతలే. అందులో ఒక సుఖం ఉండేది, గోడ మీది రాత కొత్తగా ఎవరి చూపుకూ అడ్డం రాదు.

అవతల కాశిం తువ్వాలు ఊపుతున్నాడు. దణ్ణం పెట్టే వీలు లేక బుచ్చినాయుడు చిరునవ్వు నవ్వి అడుగు ముందుకు వేశాడు. తువ్వాలు మరీ జోరుగా ఊగింది. "ఆగండి సార్! ఆగండి!" అని కాశిం అరిచాడు. ఫ్లెక్సీ చాటునుంచి బస్సు దూసుకొచ్చింది. వెనకే వచ్చిన నూకాలమ్మ ఆయన కండువా పట్టుకుని వెనక్కి లాగకపోతే ఆ రోజే ఆయన కథ ముగిసేది. బుచ్చినాయుడు వెల్లకిలా పడ్డాడు. ముప్పై గుడ్లూ ఆయన గుండెల మీదే పగిలాయి.

కాశిం పరుగున వచ్చి లేవదీశాడు. బుచ్చినాయుడు గుడ్డు సొన తుడుచుకుంటూ, ఆ ప్రచారంలో మొదటిసారి ఒక ప్రశ్న అడిగాడు.

"కాశిం, ఆ తువ్వాలు రోజూ ఎందుకు ఊపుతావయ్యా?"

"బండి వస్తోందని సార్. ఇవతలివాళ్లకు కనబడదు కదా! నాకు రెండు వైపులా కనిపిస్తుంది. మీరు దణ్ణం పెడుతుంటే, సారు నాకు థాంక్స్ చెబుతున్నారనుకున్నా."

"ఎప్పటినుంచి ఊపుతున్నావు?"

కాశిం నసిగాడు. నూకాలమ్మే చెప్పింది. "మీ బొమ్మ కట్టిన కాడినుంచి బాబూ."

బుచ్చినాయుడికి ఆస్పత్రిలోని రెండు మంచాలు కళ్ల ముందు మెదిలాయి. కాశిం దగ్గర కత్తి తీసుకుని తాళ్లు తానే కోశాడు. ఫ్లెక్సీ కింద పడింది. దాని వెనక దాగి ఉన్న రోడ్డు దూరాన బియ్యం మిల్లు దాకా తెల్లగా కనబడింది. ఇంకో అట్ట గుడ్లు కొని, నూకాలమ్మతో కలిసి బడికి చేర్చాడు. ఈసారి పావుగంట పట్టలేదు.

మర్నాడు చూస్తే ఆ ఖాళీలో సుగుణాకర్ నవ్వుతున్నాడు. అతనిది పద్నాలుగడుగులు. "మనం పదహారు కడదాం" అన్నారు వెంట ఉన్నవాళ్లు. బుచ్చినాయుడు ఒక గుడ్ల అట్ట పట్టుకుని సుగుణాకర్ ఇంటికి నడిచాడు.

"తమ్ముడూ, నీ బొమ్మ వెనక ఏముందో నీకు తెలుసా?"

"మీ ఎత్తులు నా దగ్గరా అన్నా?"

"ఎత్తు కాదు. నాతో వచ్చి ఒక్కసారి రోడ్డు దాటు."

సుగుణాకర్ వచ్చాడు. అంచున నిలబడి కుడివైపు చూశాడు. చాలాసేపు చూశాడు. మధ్యాహ్నానికల్లా ఆ తాళ్లూ తెగాయి.

ఎన్నికల్లో బుచ్చినాయుడు పంతొమ్మిది ఓట్ల తేడాతో ఓడిపోయాడు. "నా నలభై ఓట్లేవమ్మా?" అంటే, "గుడ్లు పగిలాయి కదా బాబూ, పందెం పందెమే!" అని నూకాలమ్మ నవ్వింది. ఆయనా నవ్వాడు.

కొత్త కౌన్సిలరు సుగుణాకర్ మొదటి వారంలోనే ఆయన దగ్గరకు వచ్చి, "అన్నా, స్పీడు బ్రేకరు ఎక్కడ వేస్తే..." అని మొదలుపెట్టాడు. బుచ్చినాయుడు ఆ ప్రశ్న పూర్తయ్యేదాకా ఓపిగ్గా విన్నాడు.

"నన్ను కాదు, కాశింను అడుగుదాం పద" అన్నాడు.

నీతి: కష్టానికి మందు చెప్పేముందు, ఆ కష్టం రోజూ పడేవాళ్లను అడగాలి, దానికి మనమే కారణమేమో ముందు చూసుకోవాలి.