ఎండలో గడియ

మేఘవరం అని ఒకానొక రాజ్యం ఉండేది. పేరులో మేఘం ఉందే గాని, ఏడాదిలో తొమ్మిది నెలలు ఆకాశంలో దాని జాడ కనిపించేది కాదు. ఆ రాజ్యాన్ని రణధీర భూపతి ఏలేవారు. ఆయన పుట్టాక మేఘవరం మీదికి ఎవరూ దండెత్తి రాలేదు, ఆయనా ఎవరి మీదికీ వెళ్ళలేదు. అయినా పేరులో రణం ఉంది కాబట్టి, తన భటులు ఎప్పుడూ యుద్ధానికి సిద్ధంగా ఉండాలని ఆయనకు మహా పట్టుదల.

ఒక ఏడు మాఘమాసంలో ఎక్కడినుంచో ఒక సాము గురువు వచ్చాడు. రాజుగారి ముందు కర్ర తిప్పాడు, పిల్లిమొగ్గలు వేశాడు, చివరికి ఒక మాట చెప్పాడు.

"కుండ ఆవంలో కాలితేనే గట్టిపడుతుంది మహారాజా. మనిషి ఒళ్ళూ అంతే, ఎండలో కాలాలి. నడివేసవిలో మిట్టమధ్యాహ్నం సాము చేసిన భటుడికి ఇక ఎదురుండదు."

రాజుగారు మురిసిపోయి అతని చేతికి కడియం తొడిగారు. గురువు ఆ కడియంతో సహా ఫాల్గుణం దాటకముందే చల్లటి కొండదేశానికి వెళ్ళిపోయాడు. వేసవి దాకా ఉండి ఆ విద్య చూపించి వెళ్ళమని అడగాలన్న ఆలోచన రాజుగారికి రాలేదు.

రోహిణి కార్తె ప్రవేశించింది. కోట లోపలి మైదానంలో భటులందరూ మిట్టమధ్యాహ్నం ఒక గడియసేపు దండాలు, బస్కీలు తీయాలని ఆజ్ఞ వెలువడింది.

ఆ కాలంలో గడియను కొలిచే పద్ధతి వేరు. రాగి గిన్నెకు అడుగున సూదిబెజ్జం పెట్టి నీళ్ళ గంగాళంలో వదిలేవారు. బెజ్జంలోంచి నీరెక్కి గిన్నె మునిగిపోతే ఒక గడియ అయినట్టు. ఇప్పటి లెక్కలో ఇరవై నాలుగు నిమిషాలు. ఆ గిన్నెను గడియకుడుక అనేవారు. దాన్ని కనిపెట్టుకుని కూర్చుని, మునగగానే జేగంట కొట్టడం ఆస్థానంలో చెంగన్న కొలువు. గిన్నె మునిగేదాకా చేసే పనేమీ ఉండదు కనుక, ఆ తీరికలో ఆయనకు మాటలు బాగా వంటబట్టాయి.

భటుల సామును రాజుగారు స్వయంగా పర్యవేక్షించేవారు. మైదానం పక్కన ఆయన కోసం పందిరి వేశారు. చుట్టూ వట్టివేళ్ళ తడికలు కట్టి, ఇద్దరు మనుషులు వాటిమీద నీళ్ళు చల్లుతూ ఉండేవారు. ఇంకో ఇద్దరు విసనకర్రలు వీచేవారు. పళ్ళెంలో తాటిముంజలు, చెంబులో పానకం. మహామంత్రి నరహరయ్య పక్కన నిలబడి, రాజుగారు ఏమన్నా అవునవునని తలూపేవాడు.

"ఎండ ఎండ అంటారు గాని, మాకేమీ తెలియడం లేదే," అనేవారు రాజుగారు ముంజ ఒలుచుకుంటూ. "ఎండ అంతా మనసులో ఉంటుంది."

"మనసులోనే ఉంటుంది ప్రభూ," అనేవాడు మంత్రి.

పన్నెండు రోజులు అలా గడిచాయి. పదమూడో రోజున, ముప్పై ఏళ్ళుగా కోటవాకిలి కాస్తున్న బసివినాయుడు దండం తీయబోయి ముందుకు పడి ఇక లేవలేదు. యాభై దాటిన మనిషి. ఒళ్ళు నిప్పులా ఉంది, చెమట చుక్క లేదు. తోటివాళ్ళు నీడలోకి మోసుకెళ్ళి, తడిగుడ్డలు కప్పి, కాస్త తెలివి వచ్చాక నోట్లో మజ్జిగ పోశారు.

రాజుగారు పందిరిలోంచి అడిగారు. "గడియ నిండిందా చెంగన్నా?"

"సగమే అయింది ప్రభూ."

"అంటే సగంలో మానేశాడన్నమాట. రేపు వాడిచేత రెండు గడియలు తీయించండి. బద్ధకం వదులుతుంది."

ఆ సాయంత్రం బసివినాయుడి భార్య ఓబులమ్మ చెంగన్న ఇంటికి వచ్చింది.

"సామీ, మా ఇంటాయనకు ఇంగా ఒళ్ళు కాల్తానే ఉంది. లేసి నిలబడితే కండ్లు తిరుగుతాండాయి. రేపు రెండు గడియలంట. మనిషి మిగల్డు సామీ."

"మంత్రిగారికి చెప్పుకోలేదా తల్లీ?"

"పోయి చెప్పుకుంటి. ఎండ మనసులో ఉంటాదంట. మనసు గట్టి చేసుకోమని చెప్పమన్న్యాడు."

చెంగన్నకు ఒళ్ళు మండింది. పన్నెండు రోజులుగా ఆ జేగంట కొట్టింది తానే. గిన్నె మునగడం చూశాడే గాని, తలెత్తి మైదానం వైపు సరిగా చూసింది లేదు. ఆ సిగ్గు కూడా ఆ మంటలో కలిసింది.

"నువ్వు పో తల్లీ. ఆయనకు మజ్జిగ తాపిస్తా ఉండు. రేపటి సంగతి నేను చూస్తాను," అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం భటులు మైదానంలో వరసగా నిలబడ్డారు. బసివినాయుణ్ణి ఇద్దరు రెక్కలు పట్టుకుని తెచ్చారు. రాజుగారు పందిరిలో ఆసీనులయ్యారు. చెంగన్న గడియకుడుకను నీళ్ళలో వదలకుండా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"ఏం, ఆలస్యం దేనికి?" అన్నారు రాజుగారు.

"కొలత తగాదా వచ్చింది ప్రభూ."

రాజుగారి ముఖం వికసించింది. ఎందుకంటే, మేఘవరంలో ఒక ఆచారం ఉంది. కుంచం దగ్గర తగాదా వచ్చినా, తూకం దగ్గర వచ్చినా, గజంబద్ద దగ్గర వచ్చినా, రాజే స్వయంగా కొలిచి తేల్చాలి. రాజు తేల్చిన కొలతకు తిరుగులేదు, మళ్ళీ రాజు కూడా దాన్ని మార్చకూడదు. రాజుగారి తాతగారు కోటవాకిట్లో రాయి మీద చెక్కించిన మాట అది. కిరీటం పెట్టుకుని, అందరూ చూస్తుండగా కుంచం నిండా వడ్లు కొలవడమంటే రాజుగారికి పండగ.

"ఏమిటా తగాదా?"

"ఈ పందిట్లో గడియా, ఆ మైదానంలో గడియా ఒకటి కాదని భటులు అంటున్నారు. అక్కడి గడియ చాలా పొడవట."

"సోమరిపోతులు. గడియ ఎక్కడైనా గడియే."

"నేనూ అదే అన్నాను ప్రభూ. కాని నా మాట వాళ్ళు వినరు, వాళ్ళ మాట తమరు వినరు. తాతగారి శాసనం ప్రకారం తమరే కొలిచి తేలిస్తే, ఇక నోరెత్తేవాడు ఉండడు."

రాజుగారు సరేనన్నారు. చెంగన్న ఒకే తీరుగా చేసిన రెండు గడియకుడుకలు తెప్పించాడు. ముందు రెండింటినీ పందిట్లోనే పక్కపక్కన నీళ్ళలో వదిలాడు. అందరూ చూస్తుండగా రెండూ ఒకేసారి మునిగాయి. గిన్నెల్లో మోసం లేదని రాజుగారే ప్రకటించారు. అప్పుడు ఒక గంగాళాన్ని పందిట్లోనే ఉంచి, రెండోదాన్ని మైదానం నడిమధ్యకు మోయించారు. అక్కడ రాజుగారి కోసం వెండిపీట వేశారు.

మంత్రి గొడుగు పట్టబోయాడు.

"నీడ పడితే అది పందిట్లో గడియ అవుతుంది మంత్రిగారూ," అన్నాడు చెంగన్న. "భటులకు గొడుగు లేదు కదా."

"మేం దండాలు కూడా తీయాలా ఏమిటి?" అన్నారు రాజుగారు అనుమానంగా.

"అయ్యో, అక్కర్లేదు ప్రభూ. తమరు ఊరికే కూర్చుని గిన్నెను చూస్తే చాలు."

రాజుగారు పీటమీద కూర్చున్నారు. కూర్చున్న మరుక్షణమే లేచారు. పందిరి బయట పెట్టిన ఆ వెండిపీట పొద్దుటినుంచీ ఎండలోనే ఉంది. దానిమీద తడిగుడ్డ వేయించుకుని మళ్ళీ కూర్చున్నారు. చెంగన్న పందిట్లోకి తిరిగొచ్చి, ఇక్కడి గిన్నెనూ అక్కడి గిన్నెనూ ఒకేసారి నీళ్ళలో వదిలించాడు.

కొంచెంసేపు రాజుగారు ఠీవిగానే ఉన్నారు. తరవాత జరీ అంగీ వీపుకు అతుక్కుంది. బంగారు కిరీటం వేడెక్కి చెవులు చురుక్కుమన్నాయి.

"చెంగన్నా, కిరీటం తీయవచ్చునా?"

"తీస్తే అది రాజు కొలత కాదు ప్రభూ, ఎవరో ఒక మనిషి కొలత అవుతుంది."

ఇంకొంతసేపయ్యాక మళ్ళీ గొంతు వినిపించింది. "అక్కడ ఎంతయింది?"

"ఇప్పుడే మొదలైంది ప్రభూ," అన్నాడు చెంగన్న. పక్కనున్న పళ్ళెంలోంచి ఒక ముంజ నోట్లో వేసుకున్నాడు కూడా. అది నేరమే గాని, ఆ సమయంలో చూసే స్థితిలో ఎవరూ లేరు.

రాజుగారు వంగి గిన్నెలోకి చూశారు. నీరు ఎక్కుతున్నట్టే లేదు. "ఈ బెజ్జం మూసుకుపోయింది. మంత్రీ, వచ్చి చూడు."

మంత్రి ఎండలోకి వచ్చి, గంగాళం మీదికి వంగి చూశాడు. "బెజ్జం బాగానే ఉంది ప్రభూ. నీరు వస్తోంది," అన్నాడు. అని పందిరివైపు తిరగబోయాడు.

"ఎక్కడికి? ఇక్కడే ఉండు," అన్నారు రాజుగారు.

తలూపడానికి కూడా మంత్రికి ఓపిక చాల్లేదు.

గిన్నె మూడో వంతు నిండింది. రాజుగారికి నాలిక పిడచకట్టింది, కళ్ళముందు పసుపు చుక్కలు ఆడుతున్నాయి. ఆయన చివాలున లేచారు.

"ఇది ఒక గడియేమిటి? మూడు గడియలు దాటింది. మాకు తెలియదా?"

చెంగన్న పందిట్లోంచి చేతులు జోడించాడు. "మాటవరసకు అంటున్నారా ప్రభూ, తీర్పు చెబుతున్నారా?"

"తీర్పే. రాసుకో. మూడు గడియలు." అని రాజుగారు దాదాపు పరుగున పందిట్లోకి వచ్చిపడ్డారు. పానకం చెంబు ఎత్తి దించకుండా తాగారు.

ఆయన ఊపిరి కుదుటపడేదాకా చెంగన్న ఆగాడు. తరవాత పందిట్లోని గిన్నెను చూపించాడు. అదీ సరిగ్గా మూడో వంతే నిండి ఉంది.

"ప్రభువుల తీర్పు ప్రకారం ఎండలో మూడో వంతు గిన్నెకు మూడు గడియలు. అంటే నిండు గిన్నెకు తొమ్మిది. ఇక దానికి తిరుగులేదు. తమరు భటులకు ఆజ్ఞాపించింది రోజుకు ఒక్క గడియ. వాళ్ళు పన్నెండు రోజులుగా తొమ్మిదేసి గడియలు చేస్తున్నారు. నిన్న బసివినాయుడు పడిపోయింది సగం గిన్నె దగ్గర. అంటే నాలుగున్నర గడియలు దండాలు తీశాక పడ్డాడు. తమరు మూడు గడియలు కూర్చుని లేచారు."

పందిట్లో విసనకర్రలు ఆగిపోయాయి.

"రాజాజ్ఞను మించి చేయించడం నేరం," అన్నాడు చెంగన్న. "జేగంట కొట్టేవాణ్ణి నేనే. సమయానికి కొట్టలేదు. ఇవాళ్టి రెండు గడియలు నాచేత తీయించండి. ఆ నాయుణ్ణి ఇంటికి పంపించండి. ఇంకొక్కసారి ఆ ఎండలో నిలబెడితే అతను బతకడు ప్రభూ."

రాజుగారు మైదానం వైపు చూశారు. ఇద్దరి భుజాలమీద వాలి నిలబడ్డ బసివినాయుణ్ణి ఆయన అంతదాకా సరిగా చూడనేలేదు. తాను కూర్చుని వచ్చిన పీటమీది తడిగుడ్డ ఎండి పెళుసెక్కింది. చెవులు తడుముకున్నారు. ఇంకా మండుతున్నాయి. ముందు కోపం వచ్చింది. కాని కోప్పడితే తన తీర్పు మీద తానే కోప్పడినట్టవుతుంది. చివరికి నవ్వు వచ్చింది. మెల్లగా మొదలై, పొట్ట పట్టుకునేంతగా నవ్వారు. అది చూసి మంత్రి కూడా నీరసంగా నవ్వాడు.

"నాయుణ్ణి పడుకోబెట్టండి. వానలు పడేదాకా అతనికి కాపలా పని లేదు," అన్నారు రాజుగారు. "సాము ఇక ఎప్పుడు పెట్టమంటావు చెంగన్నా?"

"తెల్లవారుజామున ప్రభూ. సూర్యుడు లేచేసరికి ముగించేద్దాం."

మర్నాడు ఊరంతా దండోరా వేశారు. మహాప్రభువులు స్వయంగా ఎండలో కూర్చుని, కఠోర పరిశోధన చేసి కనుగొన్న సత్యమేమనగా, వేసవి మధ్యాహ్నం ఎండ ఎక్కువ. కావున సాము వేకువనే చేయవలెను. జనం ఆ సత్యాన్ని భక్తిగా విన్నారు.

నిండుసభలో చెంగన్నకు సత్కారం జరిగింది. రాజుగారు బొక్కసంలోంచి అన్నిటికన్నా విలువైన కాశ్మీరు శాలువా తీయించారు. గొర్రెబొచ్చుతో రెండు పొరలుగా నేసి, అంచున జరీ కుట్టిన శాలువా. రోహిణి కార్తె పోయినా ఎండలు ఇంకా పోలేదు. దాన్ని రాజుగారే చెంగన్న భుజాల చుట్టూ గట్టిగా బిగించి కప్పారు. ఆయన కళ్ళలో కొంటెతనం అందరికీ కనిపిస్తూనే ఉంది.

"ఒక్క గడియసేపు ఇలాగే కప్పుకుని సభలో కూర్చో. కాదంటే మాకు అవమానం," అన్నారు.

చెంగన్న నుదుటిమీద చెమట తుడుచుకుని, వినయంగా వంగి నమస్కరించాడు.

"చిత్తం ప్రభూ. గడియకుడుకను మాత్రం బయట ఎండలో పెట్టిస్తాను. అక్కడైతే తొమ్మిదో వంతు గిన్నెకే గడియ అయిపోతుంది. తమరి తీర్పే."

సభ గొల్లుమంది. రాజుగారు నవ్వలేక నవ్వలేక, ఆ శాలువాను తన చేత్తోనే తీసేసి మడతపెట్టి చెంగన్న ఒళ్ళో పెట్టారు.

"తీసుకుపో. కార్తీకంలో కప్పుకుందువుగాని," అన్నారు.