మోదుగాకు గరాటు

ఆ గురువారం దస్తగిరి కాలు ఒకచోట నిలవలేదు. నిలుస్తుందా మరి! గురువు హుసేనప్ప తాత పాడిన తత్వాలన్నీ ఆర్నెల్లు కూర్చుని వీడియోలు చేశాడు. పొద్దున్నే ఆశ్రమం వెబ్‌సైటులో పెట్టేశాడు. సరికొత్త ఫార్మాటు. బొమ్మ అద్దంలా ఉంది, ఫైలేమో చిన్నది.

పది గంటలకు ఉరుకుందమ్మ ఆటో దిగింది. ముప్పై ఏళ్లుగా గురువారం తప్పని మనిషి. ఇప్పుడు మోకాళ్లు పోయాయి. ఈ రావడమే ఆఖరు, ఇకమీదట తాత పాట ఫోన్లోనే.

"నల్లగా ఉంది నాయనా. తాత కనపడ్డు," అంటూ ఫోను అందించింది.

దస్తగిరి చూశాడు. పాత ఫోను, పాత బ్రౌజరు. కొత్త వీడియో దానికి తెరుచుకోదు.

"ఫోను మార్చుకో అవ్వా. నా వీడియోలో తప్పేం లేదు."

"ఇంకో రకంగా పెట్టలేవా?" అన్నాడు పక్కనే కూర్చున్న తాత.

"ఒక్కో ఫోనుకు ఒక్కో ఫార్మాటా! ఇక అయినట్టే తాతా. మంచిది పెట్టాను. జనమే దారికి రావాలి."

ఉరుకుందమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. అది చూసి కూడా వాడు తగ్గలేదు, ఏం గర్వమో!

తాత షర్బతు గరిటె తెచ్చి వాడి చేతిలో పెట్టాడు. "ఈరోజు నువ్వు పొయ్యి."

గురువారం షర్బతుకు ఎవరి గిన్నె వాళ్లు తెచ్చుకోవడం అక్కడి వాడుక. వరసలో చెంబులు, టిఫిన్ డబ్బాలు వచ్చాయి. గబగబా పోసేశాడు. ఉరుకుందమ్మ వంతు వచ్చింది. ఆమె తెచ్చింది సన్నమూతి సీసా. దస్తగిరి చటుక్కున ప్రసాదానికి ఉంచిన మోదుగాకు ఒకటి అందుకుని, పొట్లంలా చుట్టి, కొన గిల్లి, సీసా మూతిలో పెట్టాడు. చుక్క ఒలకకుండా నింపి, ఆకు చేతిలోకి తీసుకున్నాడు.

"సీసా మార్చుకు రమ్మనలేదేం?" అన్నాడు తాత.

గరిటె గాలిలోనే ఆగిపోయింది.

"అవ్వా, కదలొద్దు! అరగంట!" గరిటె తాతకిచ్చి కంప్యూటరు గదికి ఒకటే పరుగు. ముందు ఒక్క పాటను పాత ఫార్మాటులోకి మార్చాడు. కొత్తదాని పక్కనే దాన్నీ పెట్టాడు. ఏ బ్రౌజరుకు ఏది చేతనైతే అది తీసుకుంటుంది.

ఉరుకుందమ్మ ఫోన్లో తంబుర మోగింది.

"వచ్చె! తాత వచ్చె!"

ఎదురుగానే కూర్చున్న తాత ఏదో అనబోయాడు.

"ఉండు తాతా, నీ పాట విననీ!" అని కసిరిందామె. జనం గొల్లుమన్నారు.

దస్తగిరి అప్పటికే వరసలో దూరాడు. "ఇంకా ఎవరి ఫోన్లో నల్లగా ఉంది? చూపించండి, చూపించండి!"

మోదుగాకు ఇంకా వాడి చేతిలోనే ఉంది.