తిప్పేస్వామి తాళంచెవి

టాంజానియా దేశంలో, సముద్రం ఒడ్డున ఉన్న ఒక బడిలో, పుస్తకాన్ని ఎవరైనా ముట్టుకుంటే ప్రాణం గిలగిల్లాడిపోయే తిప్పేస్వామి అనే లైబ్రేరియన్ ఉండేవాడు. అతనిది కల్యాణదుర్గం. వాన ముఖం చూడటమే గగనమైన ఆ సీమలో పుస్తకానికి శత్రువు దుమ్ము. దుమ్ము పడకుండా దాచడం ఒక్కటే అతను నేర్చిన విద్య. ఇక్కడా అదే చేశాడు మహానుభావుడు. ప్రతి పుస్తకానికీ ప్లాస్టిక్ అట్ట తొడిగి, అద్దాల బీరువాల్లో పెట్టి, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. అట్టలూడి, అంచులు నలిగిన పుస్తకాలను మాత్రం ఒక పెట్టెలో పడేసి, ఎలాగూ పాడైనవే, ఇంటికి పట్టుకుపొమ్మనేవాడు. పిల్లలకు ఆ పెట్టే గ్రంథాలయం.

సల్మా అనే పిల్ల రోజూ బీరువా అద్దానికి ముక్కు ఆనించి తిమింగలాల పుస్తకాన్ని చూసేది. చేపల వేటకు వెళ్లినప్పుడు తండ్రి చూశానన్న తిమింగలం ఎంతుంటుందో చూడాలని దాని ఆశ. తిప్పేస్వామి ఇచ్చేవాడు కాదు. అది కాస్త పాడైనాక తీసుకుందువులే అని పంపేసేవాడు.

సల్మా తల్లి జైనబు ఇల్లు అతని పక్కిల్లే. ఆ ఊళ్లో ఒక మర్యాద ఉంది. ఎవరింటికి వెళ్లినా గుమ్మం బయట నిలబడి ‘హోడీ’ అని పిలవాలి. లోపలివాళ్లు ‘కరీబు’, అంటే రమ్మని, పలికితేనే అడుగు పెట్టాలి. మూడుసార్లు పిలిచినా పలక్కపోతే మారుమాట్లాడకుండా వెళ్లిపోవాలి. జైనబు కొబ్బరి అన్నం గిన్నెతో వచ్చి పిలిచేది. పలికితే రేపు పుస్తకం అడుగుతుందేమోనని తిప్పేస్వామి రేడియో ఆపేసి, ఊపిరి బిగబట్టి కూర్చునేవాడు. ఆమె వెళ్లిపోయాక ఒక్కడే రొట్టె తింటూ, పలకరించే దిక్కే లేదని కుమిలిపోయేవాడు. మరి ఎవరు పలకొద్దన్నారట? కొన్నాళ్లకు ఆమె రావడం మానేసింది. అప్పుడు ఆ ఇల్లు అతనికి మరీ భరించరానిదైపోయింది.

ఇంతలో పెద్ద వానలు పట్టుకున్నాయి. బడికి సెలవులిచ్చారు. తిప్పేస్వామి అలవాటు కొద్దీ లైబ్రరీ కిటికీలు బిగించి, బీరువా సందుల్లో గుడ్డపీలికలు కుక్కి, ఇంట్లో ముడుచుకున్నాడు. వానలు వెలిశాక వెళ్లి తాళం తీస్తే ముక్కిన వాసన గుప్పుమంది. ప్లాస్టిక్ కింద చెమ్మ చేరి పుస్తకాలన్నీ ఉబ్బిపోయాయి, బూజు పట్టాయి. వెంటనే ఒక్కో పేజీ విడదీసి ఆరబెట్టకపోతే ఒక్కటీ దక్కదు. ఒక్కడి వల్ల అయ్యే పనా అది? సాయానికి పిలుద్దామంటే ఆ ఊళ్లో అతనికంటూ ఎవరూ లేరు.

సిగ్గు చంపుకుని జైనబు గుమ్మం ముందు నిలబడి ‘హోడీ’ అన్నాడు. జవాబు లేదు. మళ్లీ పిలిచాడు. లోపల పొయ్యి మీద ఏదో వేగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది, మనిషి మాత్రం పలకలేదు. తన గుమ్మంలో గిన్నె పట్టుకుని ఆమె ఎలా నిలబడిందో అప్పుడు తెలిసొచ్చింది తిప్పేస్వామికి. కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడోసారి పిలిచాడు.

“కరీబు” అంటూ జైనబు బయటికి వచ్చింది. “మీరే పిలుస్తున్నారంటే నమ్మకం కుదరక ఆగాను.”

సంగతి వినగానే ఆమె వీధిలో వాళ్లందరినీ కేకేసింది. బడి ముందు చాపలు పరిచి, అందరూ కూర్చుని పేజీలు విడదీశారు. పిల్లలు పెట్టెలోంచి తీసుకెళ్లిన పాత పుస్తకాలను కూడా తెచ్చి చూపించారు. రోజూ తిరగేసినవి కాబట్టి వాటికి బూజు మచ్చ కూడా లేదు. బీరువాలో దాచినవాటిలో సగమే దక్కాయి. తిమింగలాల పుస్తకం ఇటుకలా గట్టిపడిపోయింది. ఒక్క పేజీ కూడా తెరుచుకోలేదు.

సల్మా దాన్ని రెండు చేతులా ఎత్తుకుని అతని దగ్గరికి వచ్చింది.

“ఇది పాడైపోయింది కదా సార్. ఇప్పుడు ఇంటికి తీసుకెళ్లొచ్చా?”

ఆ పిల్ల ఎగతాళి చేయడం లేదు, నిజంగానే అడుగుతోంది. తిప్పేస్వామి మొలతాడు నుంచి తాళంచెవి విప్పి జైనబు చేతిలో పెట్టి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ బీరువాలకు మళ్లీ తాళం పడలేదు.

నీతి: పుస్తకమైనా మనసైనా తలుపు మూసి దాచుకుంటే బూజు పడుతుంది, అడిగినప్పుడే ఇవ్వాలి, పిలిచినప్పుడే పలకాలి.