వీధిపోటు ఇల్లు

"ఇంతవరకు ఈ అంశంపై ఎవరూ పరిశోధన చేయలేదు." మా తెలుగు శాఖలో ఏ విద్యార్థి తెచ్చిన ప్రతిపాదనైనా ఈ వాక్యంతోనే మొదలయ్యేది. అది కంటబడగానే ముకుందం మాస్టారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేవారు. ఇక ఆ రోజుకి చదవడం అయిపోయినట్టే. ఎదుటివాళ్ళు ఎంత బతిమాలినా ఆయన అడిగేది ఒకటే, ఎందుకు చేయలేదో కనుక్కున్నావా అని. కనుక్కోవడానికేముంది, చేయలేదు కాబట్టి చేయలేదు అని మేం బయటికొచ్చి గొణుక్కునేవాళ్ళం. ఆయనకు లోకమంతా అనుమానమేనని, సొంత నీడను కూడా సంతకం పెట్టించుకున్నాకే వెంట రానిస్తారని శాఖలో వేళాకోళం ఉండేది. ఆ వేళాకోళం చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆయన పదవీ విరమణకు కొన్నాళ్ళ ముందు నూకరత్నం అనే అమ్మాయి ఆయన దగ్గర పరిశోధనలో చేరింది. ప్రైవేటు బడిలో టీచరు ఉద్యోగం వదులుకుని వచ్చిన పిల్ల. అప్పటికే ఆమె పెట్టిన రెండు అంశాలను కమిటీ తిప్పికొట్టింది. ఈసారి కూడా నెగ్గకపోతే సీటు పోతుంది, వదులుకున్న ఉద్యోగం తిరిగి రాదు. అలాంటి సమయంలో ఆమెకు ఒక అంశం దొరికింది. ఉప్పు మడుల్లో పనిచేసే ఆడవాళ్ళ పాటలు. నాట్ల పాటల మీద పుస్తకాలున్నాయి, పడవ పాటల మీద ఉన్నాయి, దంపుళ్ళ పాటల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఉప్పు దగ్గరికి వచ్చేసరికి ఎవరో పాత పండితుడు రాసిన ఒక్క మాటే కనిపించింది, ఉప్పు పనివారికి పాట మీద అభిరుచి లేదని. అది చదివి నూకరత్నానికి ఒళ్ళు మండింది. ఆమె అమ్మమ్మ ఉప్పు మడుల్లోనే బతుకు వెళ్ళదీసిన మనిషి. సాయంత్రాలు ఇంటి అరుగు మీద కూర్చుని ఆవిడ పాడిన పాటలు మనవరాలికి ఇప్పటికీ కంఠతా వచ్చు. ఆ పండితుడిది ఒట్టి అహంకారమని, ఆయన చూడకుండా వదిలేసిన ఖాళీ తన కోసమే ఇన్నాళ్ళూ కాచుకుని ఉందని ఆమె తేల్చేసుకుంది.

మాస్టారు మొదటి వాక్యం చదివారు. కళ్ళజోడు తీశారు. ఎందుకు చేయలేదో కనుక్కున్నావా అమ్మా అని మెత్తగా అడిగారు.

ఆమెకు ఆయన మీదే అనుమానం పుట్టింది. మాస్టారి మేనల్లుడొకడు వచ్చే ఏడు పరిశోధనలో చేరతాడని శాఖలో వినికిడి. అంశం మంచిది కనక వాడి కోసం దాస్తున్నారేమో, ఈ మెత్తని మాటలన్నీ తడిగుడ్డతో గొంతు కోయడానికేనేమో అనుకుంది. అయినా పైకి మర్యాదగానే అడిగింది.

"పుస్తకాలన్నీ గాలించాను సార్. ఖాళీ కళ్ళెదుట కనిపిస్తుంటే ఇంకా అనుమానం దేనికి?"

మాస్టారు కుర్చీలోంచి లేచారు. రిటైరయ్యాక క్వార్టర్సు వదిలేయాలి కదా, అద్దె ఇల్లు చూడటానికి వెళ్తున్నాను, తీరిక ఉంటే తోడు రమ్మన్నారు. ఇదేం జవాబని విసుక్కుంటూనే ఆమె వెంట వెళ్ళింది.

ఊళ్ళో ఇల్లు దొరకడం గగనమైన రోజులవి. వాళ్ళు వెళ్ళిన వీధిలోనూ ఇంటింటా మనుషులే, మేడ మీద వేసిన రేకుల గదుల్లో కూడా కాపురాలే. చివరి ఇల్లు ఒక్కటే తాళం వేసి ఉంది. విశాలమైన గదులు, పెరట్లో నుయ్యి, కరివేపాకు చెట్టు, పైగా అద్దె తక్కువ. వీధి తిన్నగా వచ్చి ఆ ఇంటి గేటు ముందు ఆగి, పక్కకు తిరిగి పోతుంది. గేటు పక్కన గోడలో చిన్న వినాయకుడి బొమ్మ పొదిగి ఉంది. ఇంటి యజమాని ఇచ్చిన తాళంచెవితో మాస్టారు తాళం తీసేలోగానే పక్కింటాయన, ఎవరూ పిలవకుండా, దగ్గరికొచ్చాడు.

"ఆ ఇల్లు వద్దండి బాబూ, వీధిపోటు. చేరినోళ్ళంతా ఏడాది తిరక్కుండానే పోతన్నారు" అన్నాడు.

ఎదురింటావిడా అదే మాట చెప్పింది. రెండిళ్ళ అవతలి ముసలాయన కూడా కర్ర ఊతంతో వచ్చి మరీ చెప్పి వెళ్ళాడు. నూకరత్నానికి నవ్వాగలేదు. ఇంతమందికి ఇంత మూఢనమ్మకమా అనుకుంది. లోపలికి వెళ్ళి గదులన్నీ తిరిగి చూసి వచ్చి, ఇల్లు బంగారంలా ఉందని, ఈ వాస్తు పిచ్చివాళ్ళ పుణ్యమా అని చవకగా దొరుకుతోందని, వెంటనే అడ్వాన్సు ఇచ్చేయమని మాస్టారికి సలహా ఇచ్చింది.

"వాళ్ళు చెప్పిన కారణం అబద్ధమని తేల్చావు. బాగుంది. మరి ఇల్లెందుకు ఖాళీగా ఉంది?" అన్నారు మాస్టారు.

ఆయన కూడా లోపలికి నడిచారు, వెనకే ఆమె. మాస్టారు గోడల వంక చూశారు. మోకాలి ఎత్తు వరకు కొత్త సున్నం, ఆ పైన అంతా పాతది. ఆ రెండూ కలిసిన చోట వేలితో రాసి చూసుకుని ఆయన బయటికొచ్చారు. ఆ ఎండలో వీధి మొదలు దాకా నడిచారు. అక్కడ వీధి కుళాయి ఉంది. బిందెలవాళ్ళందరూ పట్టుకుని వెళ్ళేదాకా ఆగి, కుళాయి విప్పి నీళ్ళు రోడ్డు మీదికి వదిలేశారు.

చూడటానికి ఆ వీధి పీటలా చదునుగా ఉంటుంది. నీళ్ళు మొదట ఎటు పోవాలో తెలియనట్టు పరుచుకున్నాయి, తర్వాత దారి పట్టాయి. మొదటి ఇంటి గేటు ముందు సిమెంటు గట్టు ఉంది, దాన్ని ఒరుసుకుని తప్పుకున్నాయి. రెండో ఇంటి ముందూ గట్టే. అవతలి వరసలోనూ అంతే, ఒకరిని మించి ఒకరు ఎత్తుగా కట్టుకున్నారు. వచ్చేటప్పుడు ఆ గట్లను నూకరత్నం చూసింది కానీ గమనించలేదు. ఎవరి వాకిట్లోనూ చోటు దొరకని నీళ్ళు చివరికి వినాయకుడి బొమ్మ ముందు నుంచి గేటు సందులోకి, అక్కడి నుంచి ఖాళీ ఇంటి గుమ్మంలోకి వెళ్ళాయి.

అరుగుల మీద ఉన్నవాళ్ళు లేచి నిలబడ్డారు. మాస్టారు ఎవరినీ ఏమీ అడగలేదు. అయినా పక్కింటాయన గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, "మాది చాలా చిన్న గట్టండి. ఎదురింటోళ్ళది చూడండి" అన్నాడు.

నూకరత్నానికి ఒక్కసారిగా సిగ్గేసింది. వానాకాలం వీధి నీళ్ళన్నీ ఆ ఇంట్లోకి నెట్టి, తప్పు వాస్తు మీద పెట్టి, ఆ వీధి మొత్తం హాయిగా ఉంటోంది. ఆ ఇంటి యజమానికీ అదే మేలు, కాలువ తవ్వించడం కన్నా బొమ్మ పెట్టడం చవక. వాళ్ళ మాట అబద్ధమని పట్టేసిన తను, అంతటితో ఇల్లు మంచిదైపోయిందనుకుంది.  మాస్టారి మీద అనుమానం ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియదు. ఇంటికి వెళ్ళే దారిలో ఆమె అనుమానం తన మీదికి తిరిగింది. అమ్మమ్మ పాడగా తను విన్నది అరుగు మీద. మడిలో పాడగా ఎన్నడైనా విన్నదా?

మర్నాడే బస్సెక్కి అమ్మమ్మ ఊరు వెళ్ళింది. ఎండ తెల్లగా కాస్తున్న ఉప్పు మడుల్లో ఆడవాళ్ళు పొడవాటి కర్రలతో ఉప్పు లాగుతున్నారు. అందరి నోళ్ళకీ గుడ్డలు కట్టి ఉన్నాయి. పాట మాట ఎత్తితే ఒకావిడ గుడ్డ కిందికి లాగి పగిలిన పెదాలు చూపించి, ఈ గాలిలో నోరు తెరిచి చూడమ్మా అంది. నూకరత్నం తెరిచి చూసింది, ఉప్పుగాలికి నోరంతా మండింది. తర్వాత గట్టు మీద కూలబడిపోయింది. పాటలు లేవు. పండితుడు చెప్పిన కారణం తప్పే, కానీ ఖాళీ నిజంగానే ఖాళీ. కమిటీ ముందు నిలబడాల్సిన రోజు దగ్గర పడింది, చేతిలో ఏమీ లేదు. ఆమెకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే, దూరపు మడిలో ఒకావిడ తల మీద చెయ్యి పెట్టుకోవడం, ఆ వెంటనే మడి వెంట మడి అందరూ అలాగే పెట్టుకోవడం కనిపించింది. కాసేపటికి మేస్త్రీ వచ్చాడు. అప్పటిదాకా మధ్య మధ్య సైగలాడుతున్న చేతులన్నీ కర్రలను అంటిపెట్టుకున్నాయి.

తిరిగి వచ్చి మాస్టారికి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పాటలు లేవు సార్, నా సీటు పోయినట్టే అంది. మరి అంత దూరాన ఉన్నవాళ్ళు ఒకరినొకరు ఎలా పిలుచుకుంటారు అని ఆయన అడిగారు. ఆమె నిలబడి చేతులతో చూపించింది. నీళ్ళు వదలమనడం, చాలు అనడం, మేస్త్రీ వస్తున్నాడనడం. మాస్టారు బల్ల మీది కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు. మా శాఖలో ఎవరికీ ఆ భాగ్యం దక్కినట్టు నేను వినలేదు.

ఆమె ప్రతిపాదన కొత్తగా రాసింది. ఎవరూ పరిశోధన చేయలేదు అన్న వాక్యం అందులో లేదు. ఇదివరకు ఆ మడుల దగ్గరికి వచ్చినవాళ్ళు మేస్త్రీల పక్కన నిలబడే చూశారని, అక్కణ్ణించి వాళ్ళకు ఈ సైగలు కనిపించి ఉండవని, అదే మొదటి పేజీ. భాషాశాఖలో చేతుల సైగలేమిటని కమిటీ సణిగింది, కానీ ఆ పేజీలో తప్పు పట్టలేక ఒప్పుకుంది. మేనల్లుడు ఆ వేసవిలోనే ఏదో కంపెనీలో ఉద్యోగం చూసుకున్నాడట.

తొలి వాన కురిసిన రోజు నూకరత్నం మిఠాయి పొట్లంతో మాస్టారి ఇంటికి వెళ్ళింది. ఆయన చేరింది ఆ వీధిపోటు ఇంట్లోనే. గేటు ముందు గట్టు కట్టలేదు. ప్రహరీ పక్కగా రాళ్ళు పరిచి కాలువ తీయించారు. వీధి నీళ్ళన్నీ దాని వెంట పెరటి వైపు వెళ్ళి పెద్ద మురుగు కాలువలో కలుస్తున్నాయి. ఇద్దరూ వరండాలో నిలబడి ఆ నీళ్ళను చూశారు. ఇంత శ్రమ దేనికి సార్, వెతికితే వేరే ఇళ్ళు దొరక్కపోయేవా అని ఆమె అడిగింది.

"దొరికాయమ్మా. అవి ఎందుకు ఖాళీగా ఉన్నాయో నాకు తెలియలేదు" అన్నారు ముకుందం మాస్టారు.