చిలక వద్దన్నది

పిల్లలూ, రోజుకు పదిసార్లు "పర్మిషన్ ఇవ్వండి" అంటారే, ఆ మాటకు అర్థమేమిటని ఎప్పుడైనా అడిగారా? లాటిన్ అనే పాత భాషలో పుట్టి ఇంగ్లీషులోకి నడిచొచ్చిన మాట అది. మొదట్లో దానర్థం "గుండా పోనివ్వడం". పోనివ్వడమంటే ఎంత కష్టమో విరజకు తెలుసు.

ఏడు సముద్రాలకు ఇవతల ఒక రాజుండేవాడు. ఆయనకు ఇద్దరు కొడుకులు, ఆఖరున ఒక కూతురు, విరజ. ఆ ఇంట్లో ఒక ఆచారం. పాలు పితికే ముందు ఆవును కూడా "పిండుకోనా తల్లీ?" అని అడగాలి. అన్నలు నవ్వి ఊరుకునేవాళ్ళు. విరజ అడిగేది. ఆవు కాలు విదిలిస్తే ఖాళీ చెంబుతో వెనక్కొచ్చేసేది.

ఏడో సముద్రం అవతల కరాళుడనే మాంత్రికుడు సముద్రదారి మూసేసి, ఒక్క ఉప్పు పడవనూ పోనివ్వలేదు. వాడి ప్రాణం పంజరంలోని చిలకలో ఉంది. పెద్దన్న వెళ్ళి చిలకను పట్టుకోబోయాడు, రాయైపోయాడు. చిన్నన్న వెళ్ళి పట్టుకోబోయాడు, రాయైపోయాడు. విరజ బయల్దేరింది.

ఒడ్డున తాబేలు కనిపించింది. "తాతా, నీ వీపెక్కనా?"

"ఎక్కమ్మా. మీ అన్నలు అడక్కుండా ఎక్కి తొక్కారు, వీపు ఇంకా సలుపుతోంది!"

ఏడు సముద్రాలూ దాటాక, కరాళుడి కోట గుమ్మం నిండా చీమలు. "దాటిపోనా?" అంది. "నెమ్మదిగా పో," అని దారిచ్చాయి.

పంజరం ముందు మూడు రాళ్ళు. ఇద్దరు అన్నలు, ఇంకెవరో రాకుమారుడు.

"చిలకమ్మా, నిన్ను చేతిలోకి తీసుకోనా?"

"వద్దు," అంది చిలక.

వదిలేస్తే అన్నలు రాళ్ళుగానే ఉండిపోతారు. అయినా విరజ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. "మరి నీకేం కావాలి?"

"ఇన్నాళ్ళకు అడిగావు! తలుపు తీసి పక్కకు తప్పుకో."

విరజ తలుపు తీసి తప్పుకుంది. కరాళుడు పరుగెత్తుకొచ్చాడు. "పోనివ్వకు! అది నా ప్రాణం!"

"నా ప్రాణాన్ని మోస్తావా అని దాన్నెప్పుడైనా అడిగావా?"

"చిలకనా? నేను అడగడమా?"

చిలక రివ్వున పోయింది. వాడి మంత్రాలన్నీ దాని వెంటే పోయాయి. దగ్గుతూ ఒక మామూలు ముసలాడు మిగిలాడు. రాళ్ళు మనుషులయ్యాయి. పడవలు కదిలాయి.

మూడో రాయి, అంటే పొరుగు రాకుమారుడు జయకేతు, విరజను అడిగాడు. "నన్ను పెళ్ళాడతావా?"

"వద్దంటే?"

"వచ్చిన దారినే పోతాను."

"అయితే మూడు రోజులాగు."

నాలుగో రోజు సరేనంది. ఇద్దరూ చాలాకాలం చల్లగా ఏలారు, ఆవుల్ని అడిగే పాలు పిండారు.

ఇప్పుడు మీ వంతు. ఇంటికెళ్ళగానే చెల్లెలి బొమ్మ ముట్టుకునే ముందు అడగండి. వద్దంటే, చెయ్యి వెనక్కి తీసుకోండి.